కుండ పెట్టిన గడువు

డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టు నలుగురం కలిసి చేయాలి. శ్రీకాళహస్తి కలంకారీ మీద 10 నిమిషాల వీడియో తీద్దామని తిరుపతి బస్టాండులో టీ తాగుతూ తేల్చేశాం. చేతిలో 6 వారాలున్నాయి. నోటుపుస్తకంలో గళ్లు గీసి పనులు పంచాను. కెమెరా ఒకరికి, ఎడిటింగ్ ఒకరికి, రాత మరొకరికి, ఎవరికీ అక్కర్లేని ఖర్చుల లెక్క నాకు. తెల్లగుడ్డ నుంచి పూర్తయిన బొమ్మ దాకా 'మొదటి వారంలోనే చిత్రీకరణ పూర్తి' అని ఎర్ర పెన్నుతో రాశాను కూడా. అంత ధీమా ఎక్కడి నుంచి వచ్చిందో!

శ్రీకాళహస్తిలో మేం కలిసిన కళాకారుడు ఆ పుస్తకం చూసి నవ్వారు. "ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో ఊరడానికే మూడు వారాలు పడుతుందమ్మా" అంటూ కుండ మూత తీశారు. పులిసిన వాసన గుప్పుమంది. నల్లరంగుకు వాడే కసిం అదే. కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరేసిన గుడ్డ మీద వెదురు కలంతో ఒక గీత గీశారు. గీసినప్పుడు పలచగా ఉన్నది మేం చూస్తుండగానే నల్లబడింది. మా కెమెరా అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తూ రికార్డు మీట నొక్కడం మరచిపోయింది.

తిరుగు బస్సులో ఎర్ర అక్షరాలన్నీ కొట్టేశాను. ఆయన ఇంట్లో ఒక గుడ్డ నానుతోంది, ఇంకొకదానికి పటిక పూస్తున్నారు, మరొకటి ఎర్రరంగులో ఉడుకుతోంది. ఒకే గుడ్డ వెంట పడకుండా, ఏ దశ దొరికితే ఆ దశ తీసి తర్వాత వరుసలో పేర్చుకుందాం అన్నది మా ఎడిటింగ్ అమ్మాయి. చిత్రీకరణ అంతా అయ్యేదాకా తనకు పనే లేదని అలిగి కూర్చున్నది కూడా ఆమే. నిజమే, ఆ గళ్లలో తప్పు నాదే. అప్పటి నుంచి ప్రతి శనివారం తీసింది ఆ రాత్రే కత్తిరించేది. ఏది తక్కువైందో మరుసటి వారానికే తెలిసేది.

స్వర్ణముఖిలో గుడ్డ ఉతికే దృశ్యం రాసుకున్నాం. వెళ్లి చూస్తే ఏటి నిండా ఇసుకే. తొట్టిలో ఉతుకుతుంటే తీసుకున్నాం.

చివరి శనివారం ఆ నల్లగీత మళ్లీ గీయమని ఆయన్ను బతిమాలాం. ఆయన కలం అందుకోకముందే మా కెమెరా అమ్మాయి మీట నొక్కేసింది. మొదటి 4 నిమిషాలు ఆయన కళ్లద్దాలు తుడుచుకోవడమే ఉంది.