కవరు మీద నా చేతిరాత

రెండో శనివారం వైద్య క్యాంపు పెట్టడానికి మళ్ళీ ఉద్దానం వెళ్ళొచ్చాం. మా సంఘం నుంచి పదకొండు మందిమి. తెల్లారి ఐదింటికి చర్చి ముందు ప్రార్థన చేసుకుని వ్యాను ఎక్కితే ఎనిమిదిన్నరకి కవిటి దాటి, జీడితోటల మధ్య ఉన్న ఆ ఊరి బడి దగ్గర దిగాం. అప్పటికే వరండా నిండా జనం.

నాకు శ్రీకాకుళంలో మందుల షాపు ఉంది. అందుకని క్యాంపులో మందుల బల్ల ఎప్పుడూ నాదే.

ఈ పని మీద నాకింత ఇష్టం మా నాయనమ్మ వల్ల వచ్చింది. ఆవిడకి రెండు కళ్ళ శుక్లాలూ తీసింది సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో. అక్కడ బెన్ గల్లిసన్ అనే కెనడా మిషనరీ డాక్టరు చేసిన కంటి వైద్యం గురించి విని కదిలిపోయినవాళ్ళే 1963లో క్యాల్గరీలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పెట్టారు. నాయనమ్మకి ఇవేవీ తెలియవు. కట్టు విప్పగానే ముందు తాత నెరిసిన గడ్డం కనిపించిందని మాత్రం చచ్చిపోయేదాకా చెప్పేది.

ఇక అసలు సంగతి. పది గంటలప్పుడు ఒక మామ్మ నా బల్ల దగ్గరికొచ్చి కొంగు ముడి విప్పింది. అందులో మడతలు పడి మెత్తబడిపోయిన కాగితం కవరు. దాని మీద నీలం పెన్నుతో "ఉదయం 1, రాత్రి 1, తిన్నాక" అని ఉంది. అది నా చేతిరాత. లోపల డైక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్ళల ఖాళీ స్ట్రిప్పు.

"నువ్విచ్చినవే తల్లీ. బాగా పనిసేసినాయి. అయిపోతే ఈ కవరు సూపించి కొనుక్కుంటన్నాను."

ఆ ఊరికి మేం ముందుసారి వెళ్ళింది ఏడు నెలల కిందట. మోకాళ్ళ నొప్పులన్నవాళ్ళందరికీ ఐదు రోజులకి ఇచ్చాం. జనం ఎక్కువ, టైము తక్కువ, అడిగినవాళ్ళని ఉత్తచేతులతో పంపడానికి మనసొప్పలేదు. అయినా ఉద్దానంలో నొప్పి బిళ్ళ ఎంత చేటో షాపులో కూర్చునే నాకు తెలియనిది కాదు. ఇక్కడ ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్ళ పరిశోధనల తర్వాత కూడా గట్టిగా తేలలేదు. కానీ అలసిన కిడ్నీకి ఈ బిళ్ళలు ఇంకా కీడు చేస్తాయన్నది మాత్రం అందరికీ తెలిసిన విషయం.

మామ్మ చేతులు నా బల్ల మీదే ఉన్నాయి. రోజూ జీడిపిక్కలు కొట్టే చేతులు. వేళ్ళ చివర్లు నల్లగా మాడిపోయి, అక్కడక్కడా తోలు లేచిపోయి ఉంది. నాకు మాట రాలేదు. లేచి ఆవిడని డాక్టరు గారి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను.

మూత్రంలో పరీక్ష పట్టీ ముంచి చూస్తే మామూలుగానే ఉంది. ఇక్కడి జబ్బులో మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పెద్దగా పోకపోవచ్చు, పట్టీని నమ్ముకోవద్దని డాక్టరు గారు రక్తం కూడా తీయించారు. కిడ్నీ దాదాపు సగం దెబ్బతినేదాకా రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరగదని, ఒళ్ళు బాగానే ఉంది కదా అని ఊరుకోకూడదని మామ్మకి ఓపిగ్గా చెప్పారు. ఆవిడ అంతా విని, "మరి మోకాళ్ళకేటి సెయ్యమంటారు బాబూ?" అంది. న్యాయమైన ప్రశ్న. పారాసెటమాల్, వేడి కాపడం, పిక్కలు కొట్టేటప్పుడు నేల మీద కాకుండా పీట మీద కూర్చోవడం. మా దగ్గరున్న జవాబు అంతే.

వెళ్ళేముందు ప్రార్థన చెయ్యమంది. మేం ఎవరికీ మాకై మేం చెయ్యం, అడిగితేనే చేస్తాం. ఆ చేతులు పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ముందు నా కోసం క్షమాపణ అడిగాకే ఆవిడ కోసం అడగగలిగాను.

మిగిలిన డైక్లోఫెనాక్ డబ్బాలన్నీ ఆ మధ్యాహ్నమే వ్యాన్లో పెట్టించేశాను. ఇక మీదట ఉద్దానం పెట్టెలో అవి ఉండవు. ఈ విషయంలో మా వాళ్ళెవరు ఏమన్నా నేను వినను.

సోమవారం రిపోర్టు వచ్చింది. క్రియాటినిన్ 2.1, ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ. మామ్మ మనవడికి ఫోన్ చేశాను. పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి గురువారం తీసుకురమ్మని, నేనూ వస్తానని చెప్పాను.

ఆరోజు షాపు మూసి పొద్దున్నే బయల్దేరాను. పలాస బస్టాండులో మామ్మ నాకంటే ముందే వచ్చి కూర్చుంది. ఆధార్ కార్డు, రిపోర్టు జాగ్రత్తగా పట్టుకొచ్చింది. రెండూ ఆ పాత కవర్లోనే ఉన్నాయి.