శుక్రవారం మాత్రమే వెజిటేరియన్

శుక్రవారం మధ్యాహ్నం మా ఆఫీసులో అందరికీ భోజనం కంపెనీ ఖర్చే. డాలస్ పక్కనే కాబట్టి ఎక్కువసార్లు బార్బెక్యూ తెప్పిస్తారు. బ్రిస్కెట్, సాసేజ్, వాటి పక్కన బీన్స్. ఆ బీన్స్‌లో కూడా మాంసం ముక్కలు వేస్తారు టెక్సస్‌లో! నేను బ్రెడ్డూ పొటాటో సలాడూ పెట్టుకుని కూర్చుంటే మా మేనేజర్ తెగ నొచ్చుకుంది. "అయ్యో, నువ్వు వెజిటేరియన్ కదా, నీకు విడిగా చెప్పాల్సింది" అంది. తర్వాతి మంగళవారం నేను చికెన్ బిర్యానీ డబ్బా మూత తీసినప్పుడు ఆవిడ మొహం చూడాలి.

నేను క్యాథలిక్‌ని, మాంసం మానేది శుక్రవారాలే. కానీ క్యాథలిక్ అంటే ఐరిష్‌వాళ్లో, ఇటాలియన్లో, మెక్సికన్లో అని ఇక్కడివాళ్ల లెక్క. మన రంగు వాడు ఏది మానేసినా అది హిందూ ఆచారమే. ఈస్టర్‌కు ముందు ఉపవాసాలతో గడిపే తపస్సుకాలం విభూది బుధవారంతో మొదలవుతుంది. ఆ పొద్దున్నే చర్చిలో పూజకెళ్లి, నుదుటి మీద బూడిద సిలువతో అలాగే ఆఫీసుకు వెళ్తే ఒక కుర్రాడు "హ్యాపీ దివాలీ" అన్నాడు. అదీ ఫిబ్రవరిలో. అదే సిలువతో వచ్చిన మెక్సికన్ అమ్మాయిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

తపస్సుకాలంలో అయితే చెప్పడం తేలిక. ఆ కాలపు శుక్రవారాలు క్యాథలిక్కులు మాంసం ముట్టరని, చేప మాత్రం తింటారని ఇక్కడ చాలామందికి తెలుసు. మా విచారణ (అంటే మా చర్చి) హాల్లో నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే క్యాథలిక్ మగవాళ్ల సంఘం వాళ్లు క్యాట్‌ఫిష్ చేపలు వేయిస్తుంటే, వేరే శాఖ క్రైస్తవులైన బాప్టిస్టులు కూడా వచ్చి లైన్లో నిలబడతారు. చిక్కంతా మిగతా శుక్రవారాలతోనే. ఈస్టర్ అయిపోయాక కూడా నేను మానేస్తుంటే మా విచారణలోని వాళ్లే వింతగా చూస్తారు. "అది ఎప్పుడో తీసేశారుగా!" అంటారు.

నిజానికి తీసేయలేదు. 1966 నవంబరులో అమెరికా బిషప్పులు చేసింది వేరు. తపస్సుకాలం బయట శుక్రవారం మాంసం తినడం పాపమన్న కట్టడిని ఎత్తేశారు. క్రీస్తు సిలువ మీద మరణించిన రోజు కాబట్టి శుక్రవారం ప్రాయశ్చిత్తపు రోజుగానే ఉంటుందనీ, ఏ ప్రాయశ్చిత్తం చేయాలో ఎవరికి వారు ఎంచుకోవచ్చనీ, మాంసం మానడం ఇంకా మంచిదేననీ చెప్పారు. జనం మొదటి ముక్క విని మిగతాది వదిలేశారు. 1983లో వచ్చిన శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్టం కూడా ఏడాదిలో ప్రతి శుక్రవారమూ ప్రాయశ్చిత్త దినమే అంటుంది. పూజ తర్వాత కాఫీ దగ్గర ఈ మాట ఎత్తితే మాత్రం టాపిక్ మారిపోతుంది.

1966కు నాలుగేళ్ల ముందు ఇదే దేశంలో పరిస్థితి చూడండి. సిన్సినాటిలో మెక్‌డొనాల్డ్స్ నడిపే లూ గ్రోన్‌కు శుక్రవారం వచ్చిందంటే బేరాలుండేవి కావు. చుట్టుపక్కల అంతా క్యాథలిక్కులే మరి. అందుకని 1962లో చేప శాండ్‌విచ్ తయారుచేశాడు. మెక్‌డొనాల్డ్స్ కంపెనీ అధిపతి రే క్రాక్‌కు అది నచ్చక, మాంసం బదులు పైనాపిల్ ముక్క పెట్టిన హూలా బర్గర్‌ను పోటీకి దింపాడు. గ్రోన్ చేపే గెలిచింది, ఫిలే ఓ ఫిష్ అయి దేశమంతా పాకింది. అంత పెద్ద వ్యాపారం క్యాథలిక్కుల కోసం మెనూ మార్చుకుందంటే కారణం ఒక్కటే, ఆ పేటలో వాళ్లంతా కలిసి మానేవారు. ఎవరి ప్రాయశ్చిత్తం వాళ్లదయ్యాక ఆ బలం పోయింది.

"నీ ఇష్టం" అనడం అమెరికావాళ్లకు పెద్ద మర్యాద. నన్నెవరూ అడ్డుకోరు, ఎగతాళీ చేయరు. కానీ నా విశ్వాసాన్ని గ్లూటెన్ పడదన్న ఫిర్యాదు పక్కన పెట్టేస్తారు. ఆఫీసు పార్టీకి ముందు వచ్చే ఫారంలో వెజిటేరియన్, వీగన్, హలాల్, కోషర్ అన్నిటికీ గళ్లున్నాయి. "శుక్రవారం మాత్రమే, చేప ఫర్వాలేదు" అనే దానికి లేదు. "చేప మాంసం కాదా?" అని మా మేనేజర్ అడిగిన ప్రశ్నకు నేను చెప్పిన జవాబు నాకే సరిగ్గా అనిపించలేదనుకోండి.

థ్యాంక్స్‌గివింగ్ ఎప్పుడూ గురువారమే. అంటే మర్నాడు, పండుగ విందులో మిగిలిన టర్కీ కోడి మాంసం ఫ్రిజ్ నిండా ఉన్న శుక్రవారం! ఏడాది మొత్తంలో నాకు కష్టమైన రోజు అదే. పప్పు వండుకుంటాను. 2023లో ఐరిష్‌వాళ్ల సెయింట్ ప్యాట్రిక్ పండుగ తపస్సుకాలపు శుక్రవారం పడితే, ఆ రోజు ఇక్కడ తినే కార్న్‌డ్ బీఫ్ (ఉప్పులో ఊరవేసిన గొడ్డుమాంసం) కోసం చాలామంది బిషప్పులు మినహాయింపు ఇచ్చారు. వాళ్ల పలుకుబడి అలాంటిది.

 

మా అమ్మాయికి పన్నెండేళ్లు. శుక్రవారం స్కూల్లో మాంసం ముక్కలు వేసిన పెప్పరోనీ పిజ్జా. "డాడీ, రూల్ పద్నాలుగేళ్లు నిండినవాళ్లకే, అదీ తపస్సుకాలంలోనే" అంటుంది. సండే స్కూల్లో ఈ ఒక్క పాఠం మాత్రం బాగా ఒంటబట్టింది. 1966 సంగతి నేనే చెప్పాను. విని కాసేపు ఆలోచించి, "అయితే నేను వేరే ప్రాయశ్చిత్తం ఎంచుకుంటా, డిష్‌వాషర్‌లో పట్టని గిన్నెలన్నీ శుక్రవారం నేనే తోముతా" అంది. వాళ్లమ్మ నా వైపు చూడకుండానే ఒప్పేసుకుంది. ఆ లెక్కన బిషప్పుల మాట చివరిదాకా విన్నది మా ఇంట్లో అదొక్కతే. పెప్పరోనీ మాత్రం మానలేదు.