గూస్ పిల్లలకు ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

గూస్ బాతు ప్రధానంగా పచ్చిక మీద బతికే పక్షి. వరికోతలు అయ్యాక గోదావరి, కృష్ణా డెల్టాల్లో పొలాల వెంట మందలుగా తోలే మామూలు బాతులు రాలిన గింజలను, నత్తలను, పురుగులను ఏరుకుని తింటాయి. గూస్ మాత్రం గట్టు మీది గడ్డిని ముక్కుతో పట్టి తెంపుకుంటూ, మేకలాగా మేస్తూ పోతుంది. ఈ తేడా తెలియకపోవడం వల్లనే చాలా ఇళ్లలో దీని పిల్లలు పాడవుతున్నాయని నా అభిప్రాయం. సంతలో కొని తెచ్చిన పిల్లకు కోళ్ల దాణా సంచి విప్పడమో, వంటింట్లో మిగిలిన అన్నం వేయడమో చేస్తారు. నెల తిరిగేలోపు దాని కాళ్లు వంకరపోతే, లేదా రెక్కలు పక్కకు తిరిగిపోతే, జబ్బు చేసిందనుకుంటారు. మా కొబ్బరితోటలో వీటిని పెంచుతున్నానని తెలిసి నన్ను పలకరించేవారిలో ఎక్కువమంది అడిగేది ఈ రెండు సంగతుల గురించే. రెండింటికీ మూలం చాలావరకు మేతలోనే ఉంటుంది.

మన దగ్గర దొరికేవాటిలో ఎక్కువ భాగం ముక్కు మొదట్లో బొడిపె ఉండే చైనా రకానివి, లేదా వాటి సంకరాలు. పెంపుడు గూస్ రకాలన్నీ రెండు అడవి జాతుల నుంచి వచ్చాయి: యూరప్ వైపు గ్రేలాగ్ గూస్, చైనా వైపు స్వాన్ గూస్. శీతకాలంలో హిమాలయాలు దాటి మన దేశపు చెరువులకు వచ్చే పట్టెతల బాతు వీటికి దగ్గరి బంధువే గాని, దాన్ని పట్టి ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఈ మాట ఎందుకంటే, అటువంటి పిల్లలను తెచ్చి పెంచవచ్చా అని అడిగేవారు కూడా ఉన్నారు.

గుడ్డు నుంచి బయటికి వచ్చే ముందే పిల్ల పచ్చసొనను కడుపులోకి లాక్కుంటుంది కనుక మొదటి రోజు మేత కోసం కంగారు పడనవసరం లేదు. ముందు నీళ్లు చూపించాలి. ఒక్కొక్క పిల్లను పట్టుకుని ముక్కు కొసను నీటిలో ఒకసారి ముంచితే, మిగతాది అదే నేర్చుకుంటుంది. ఆ తరువాత 20 నుంచి 22 శాతం మాంసకృత్తులు ఉన్న మెత్తని దాణాను కొద్దిగా నీళ్లతో తడిపి, వెడల్పాటి పళ్లెంలో పెట్టాలి. తడిపిన దాణా మన వేడికి కొద్ది గంటల్లోనే పులుస్తుంది. అందువల్ల ఒకేసారి ఎక్కువ కలపకుండా, తిన్నంత పెట్టి, మిగిలింది పారవేసి, పళ్లెం కడగడం మంచిది.

అసలు చిక్కు నియాసిన్ దగ్గర వస్తుంది. దీనినే బి3 విటమిన్ అంటారు. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో ప్రచురించిన పోషక ప్రమాణాల ప్రకారం మొదటి నాలుగు వారాల గూస్ పిల్ల మేతలో కిలోకు 65 మిల్లీగ్రాముల నియాసిన్ ఉండాలి. బ్రాయిలర్ కోడిపిల్లకు 35 సరిపోతుంది. అంటే కోడిపిల్లల కోసం లెక్కకట్టి తయారుచేసిన దాణా మీద మాత్రమే పెరిగే గూస్ పిల్లకు ఆ విటమిన్ చాలకపోయే అవకాశం ఉంది. మొక్కజొన్న, నూకలు, తవుడు వంటి వాటిలో నియాసిన్ ఉన్నా, అది ఇతర పదార్థాలతో బంధించబడి ఉండడం వల్ల పక్షి ఒంటికి పట్టేది తక్కువ. తవుడు పుష్కలంగా పెడుతున్నాం కదా అన్న ధైర్యం అందుకే పనికిరాదు. లోపం ముదిరినప్పుడు మడమ కీలు వాస్తుంది, కాళ్లు విల్లులా వంగుతాయి, పిల్ల నాలుగు అడుగులు వేసి కూర్చుండిపోతుంది, మేత దగ్గరకు కూడా పాకుతూ వస్తుంది. గూస్ పిల్ల ఎంత వేగంగా బరువెక్కుతుందో చూసినవారికి, ఈ బరువును మోసే కాళ్లు ఒక్క వారం వెనకబడినా ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. మొదట్లోనే గుర్తిస్తే కోలుకుంటుంది. కీలు వంకరగా గట్టిపడిపోయాక ఎంత విటమిన్ ఇచ్చినా కాలు తిన్నగా కాదు.

దీనికి అందరికీ అందుబాటులో ఉన్న మార్గం బ్రూవర్స్ ఈస్ట్ పొడి, అంటే బీరు తయారీలో వాడే ఈస్ట్‌ను ఎండబెట్టి చేసిన పొడి. కిలో దాణాకు సుమారు 50 గ్రాములు కలిపితే సరిపోతుంది. రొట్టెలు పొంగడానికి వాడే ఈస్ట్ వేరు, దాన్ని పెట్టకూడదు. ఈస్ట్ పొడి దొరకని ఊళ్లో పశువైద్యుణ్ణి అడిగి, పక్షులకు ఇచ్చే బి-కాంప్లెక్స్ ద్రావణాన్ని తాగే నీటిలో కలపవచ్చు. అది ఎండకు పాడవుతుంది కనుక ఏ రోజు నీళ్లు ఆ రోజే మార్చాలి.

దాణా కొనేటప్పుడు సంచి మీద రాసి ఉన్నది చదవడం తప్పనిసరి అని నేను అంటాను. బ్రాయిలర్ దాణాల్లో చాలావాటిలో రక్తపారుడు రాకుండా మందు కలిపి ఉంటుంది. ఆ మందు మోతాదును కోడిపిల్ల రోజుకు తినే మేతను బట్టి నిర్ణయిస్తారు. గూస్ పిల్ల అదే వయసు కోడిపిల్ల కన్నా ఎంతో ఎక్కువ తింటుంది. కాబట్టి మందు కూడా దాని ఒంట్లోకి ఎక్కువగా పోతుంది. మందు కలపని దాణా కావాలని దుకాణంలో గట్టిగా అడగాలి, లేదా మరపట్టించిన మొక్కజొన్న, సోయా చెక్క, ఖనిజ మిశ్రమం కలిపి సొంతంగా తయారుచేసుకోవాలి.

సొంతంగా కలుపుకునేవారు వేరుశనగ చెక్క జోలికి పోకపోవడమే మేలు. ఇది మన రైతుకు నచ్చని సలహా అని తెలుసు. గేదెలకు పెట్టే చెక్క ఇంట్లో ఎలాగూ ఉంటుంది, ధర కూడా అనుకూలం. అయితే బూజు పట్టిన వేరుశనగలో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషానికి బాతు, గూస్, టర్కీ పిల్లలు కోడిపిల్లల కన్నా చాలా తేలికగా బలైపోతాయి. అసలు ఆ విషం లోకానికి తెలిసిందే ఈ విధంగా: 1960లో ఇంగ్లండులో టర్కీ పిల్లలు లక్షకు పైగా చనిపోతే, కారణం వెతుక్కుంటూ పోయినవారు చివరికి బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశనగ పిండి దగ్గర తేలారు. ఆ తరువాత మేతలో ఈ విషం ఉందో లేదో పరీక్షించడానికి బాతు పిల్లలనే వాడేవారు. అవి అంత సున్నితమైనవి. చెక్క పైకి బాగానే కనిపించవచ్చు, బూజు వాసన కూడా రాకపోవచ్చు. వానాకాలంలో చెమ్మ తగిలిన మొక్కజొన్నకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

పచ్చిక మాత్రం మొదటి వారం నుంచే అలవాటు చేయవచ్చు. లేత గరికను కత్తెరతో అంగుళం కన్నా చిన్న ముక్కలుగా తరిగి, నీటి పళ్లెంలో తేలేటట్టు వేస్తే పిల్లలు ఇష్టంగా తింటాయి. తోటకూర, క్యాబేజీ పైఆకులు, నీటి మీద తేలుతూ పెరిగే అజొల్లా మొక్కను సన్నగా తరిగినది కూడా పనికివస్తాయి. ముదిరిన పొడుగు గడ్డిని అలాగే వేస్తే అది గొంతు కింది సంచిలో ఉండగా చుట్టుకుని అడ్డుపడుతుంది. ఇంకొక చిన్న విషయం చాలామంది మరిచిపోతారు: పళ్లు లేని పక్షి గడ్డిని తన కందనకాయలో ఇసుక రేణువులతో నూరుకుంటుంది, కనుక సిమెంటు వరండాలోనో, డబ్బాలోనో పెరిగే పిల్లలకు గడ్డి మొదలుపెట్టిన రోజునే ముతక ఇసుక ఒక మూకుడులో పెట్టాలి. కడిగిన గోదావరి ఇసుక దీనికి చక్కగా సరిపోతుంది.

గడ్డి ఎక్కడి నుంచి తెస్తున్నామన్నది గడ్డి రకం కన్నా ముఖ్యం. పురుగుమందు కొట్టిన వరి గట్టు, గుళికల మందు చల్లిన పొలం, కలుపుమందు తగిలిన కాలువ ఒడ్డు పిల్లలకు ప్రాణాంతకం. పెరట్లో పూజ కోసం పెంచే గన్నేరు మరీ ప్రమాదం. కొద్దిపాటి ఆకు లోపలికి పోయినా గుండె ఆగిపోతుంది, రాలిన ఆకులు తొట్టెలో పడి నానిన నీళ్లు కూడా తాగనివ్వకూడదు. ఉప్పు కలిసిన పులుసన్నం, పచ్చడి మెతుకులు, చిప్స్ వంటివి పిల్లల మూత్రపిండాలు తట్టుకోలేవు. బ్రెడ్డు ముక్కలు విసరడం ఇంట్లోని చిన్నారులకు సరదాగా ఉంటుంది గాని, కడుపు నింపి పోషకం ఇవ్వని ఆ మేతను నేను మా ఇంట్లో పూర్తిగా మాన్పించాను.

నాలుగో వారం వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. అప్పటి వరకు మాంసకృత్తులు చాలవేమో అని చూసుకున్న మనం, ఇక అవి ఎక్కువవుతున్నాయేమో అని చూసుకోవాలి. దాణాలో వాటిని 15 శాతానికి దించి, పగలంతా మేతకు వదలాలి. రెక్కల్లో కొత్తగా మొలిచే ఈకల కాడలు రక్తంతో నిండి బరువుగా ఉంటాయి. పిండిపదార్థాలు, మాంసకృత్తులు దండిగా తిని, నడక లేకుండా పెరిగే పిల్లకు ఆ బరువును ఆపే శక్తి మణికట్టు కీలుకు ఉండదు. ఫలితంగా రెక్క చివరి భాగం ఒంటికి ఆనకుండా బయటికి తిరిగిపోతుంది. దీన్ని ఏంజెల్ వింగ్ అంటారు. ఇది కనిపించిన మొదటి రోజుల్లోనే రెక్కను సహజంగా మడిచి, మెత్తని గుడ్డ పట్టీతో ఊపిరి బిగుసుకోకుండా చుట్టి, మూడు నుంచి ఐదు రోజులు ఉంచి, మేతలో గింజలు తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఎముక ముదిరాక చేయగలిగింది లేదు. నొప్పి ఉండదు గాని ఆ రెక్క జీవితాంతం అలాగే వేలాడుతుంది. పిల్లలను త్వరగా పెద్దవి చేయాలన్న ఆరాటం కోడిమాంసం లెక్కల నుంచి మనకు అంటుకుంది. ఇరవై ఏళ్లు బతకగల పక్షి విషయంలో దానికి అర్థం లేదు.

నీటి సంగతి. తాగే గిన్నె పిల్ల ముక్కు రంధ్రాల వరకు మునిగేంత లోతుగా ఉండాలి, లేకపోతే దాణా పిండి ముక్కుల్లో, కళ్ల చుట్టూ గట్టిపడుతుంది. కానీ పిల్ల మొత్తం పడి తడిసేంత వెడల్పు ఉండకూడదు. గిన్నెలో నాలుగు పెద్ద గులకరాళ్లు వేస్తే సరి. తల్లి కింద పెరిగే పిల్లల నూగు నీరు పట్టకుండా ఉంటుంది. మనం పెంచే పిల్ల తడిస్తే వణికి చనిపోగలదు. అందువల్ల ఎండపొద్దున, మనం దగ్గరుండి, కొద్ది నిమిషాలు మాత్రమే ఈత నేర్పి, ఒళ్లు తుడిచి వెచ్చగా ఉంచాలి. ఈకలు బాగా వచ్చాక చెరువు దాని ఇష్టం.

వెచ్చదనం మన కోస్తాలో పెద్ద సమస్య కాదు. మొదటి వారం 32 డిగ్రీల దగ్గర ఉంచి, తరువాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలని పద్ధతి. ఎండాకాలంలో పగలు బల్బు అవసరమే ఉండదు, నీడ దొరికితే చాలు. అడుగున న్యూస్ పేపరు పరిస్తే కాళ్లు జారి పక్కలకు చీలిపోతాయి. ఊక మీద గోనెపట్టా పరచడం మంచిది, అప్పుడు ఊకను మేత అనుకుని మింగవు కూడా.

పిల్ల మన వెంటే తిరగడం గురించి ఒక మాట. పుట్టిన తొలి గంటల్లో తన కళ్ల ముందు కదిలేదాన్ని తల్లిగా ముద్రించుకునే ఈ గుణాన్ని గ్రేలాగ్ పిల్లల మీద గమనించిన ఆస్ట్రియా శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. ముచ్చటగానే ఉంటుంది, అయితే ఒంటరి పిల్లను తెచ్చుకుంటే, మనం ఆఫీసుకు వెళ్లిన గంట నుంచి వచ్చే గంట వరకు అది అరుస్తూనే ఉంటుంది, మేత కూడా ముట్టదు. రెండు, మూడు పిల్లలకు తక్కువ తెచ్చుకోవద్దని అడిగినవారందరికీ చెబుతున్నాను.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మేము పక్షులను చెరువుకు వదలకుండా, వలసపక్షులు వాలే నీటికి దూరంగా దొడ్లోనే ఉంచాము. అటువంటి సమయంలో బయట నుంచి కొత్త పిల్లలు కొనకపోవడం, కోళ్ల ఫారాలకు వెళ్లి వచ్చిన చెప్పులతో దొడ్లోకి పోకపోవడం, ఒకేసారి ఎక్కువ పక్షులు చనిపోతే చేత్తో తాకకుండా పశుసంవర్ధక శాఖ వారికి చెప్పడం కనీస జాగ్రత్తలు. మామూలు రోజుల్లో భయమంతా రాత్రిదే. ముంగిస, పందికొక్కు, పిల్లి, వీధికుక్క ఏది వచ్చినా ఈకలు రాని పిల్ల ఎదురు నిలవలేదు. అందుకే గూటికి కోళ్ల వల చాలదు, వేలు దూరనంత సన్నని కన్నాలున్న ఇనుప జల్లెడ కొట్టించాలి. దాన్ని నేలలోకి కూడా జానెడు దించాలి, ఎందుకంటే పందికొక్కు ఎప్పుడూ కింద నుంచే వస్తుంది.