3 టీబీ డిస్క్‌ని ఎక్స్‌పీ 746 జీబీ అంది

కొత్త 3 టీబీ హార్డ్ డిస్క్ బిగించి, విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఆన్ చేసి, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాను. అక్కడ 746.52 జీబీ అని ఉంది. కేబుల్ పీకి మళ్లీ పెట్టాను. ఇంకో పోర్టుకి మార్చాను. అదే అంకె. డిస్కే పాడైందేమో, వెనక్కి ఇచ్చేద్దామా అనుకున్నాను.

ఇంకా ఎక్స్‌పీ ఎందుకంటే, నా ఫిల్మ్ స్కానర్ కోసం. దానికి ఆ తర్వాతి విండోస్‌లకు డ్రైవర్ రాలేదు. నాన్న తీసిన ఫొటోల నెగటివ్‌లు రెండు పెట్టెల నిండా ఉన్నాయి. ఒక్కో ఫ్రేమ్ పూర్తి రిజల్యూషన్‌లో స్కాన్ చేస్తే ఫైల్ వంద ఎంబీ దాటుతుంది. పాత 250 జీబీ డిస్క్ చూస్తుండగానే నిండిపోయింది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి ఆ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ ఎప్పుడో తీసేశాను.

రాత్రి కాగితం మీద లెక్క వేస్తే గుట్టు తెలిసింది. డిస్క్ సెక్టార్లు అనే చిన్న గదులుగా ఉంటుంది. పాత పద్ధతిలో సెక్టార్ నంబర్ రాయడానికి 32 బిట్లే ఉంటాయి. ఒక్కో సెక్టార్ 512 బైట్లు. రెండూ గుణిస్తే సరిగ్గా 2048 జీబీ. డిస్క్ మీద 3 టీబీ అని రాసి ఉన్నది వెయ్యి లెక్క. విండోస్ 1024 లెక్కలో అది 2794 జీబీ. అందులోంచి 2048 తీసేస్తే 746! డిస్క్ పాడవలేదు. పట్టనంత పెద్ద అంకె వచ్చేసరికి పై భాగం రాలిపోయి, మిగిలింది తెర మీద కనిపిస్తోంది.

పోనీ ఆ 746 అయినా వాడుకుందాం అని ఒక క్షణం అనిపించింది. కానీ అంతకుముందు ఒకసారి దెబ్బ తిన్నాను. అప్పట్లో వేరే కంప్యూటర్‌లో ఫార్మాట్ చేసిన 160 జీబీ డిస్క్‌ని, సర్వీస్ ప్యాక్ (మైక్రోసాఫ్ట్ ఇచ్చే పెద్ద అప్‌డేట్) ఏదీ లేని ఎక్స్‌పీకి తగిలించాను. ఆ వెర్షన్‌కి 28 బిట్ల అడ్రస్సే (సెక్టార్ నంబరే) తెలుసు, అంటే 137 జీబీ దాకానే. కొన్ని నెలలు బాగానే నడిచింది. 137 దాటిన రోజు కొత్త ఫైళ్లు చివర్న కాకుండా తిరిగొచ్చి డిస్క్ మొదట్లో పడ్డాయి. అక్కడే ఫైళ్ల పట్టిక ఉంటుంది. మర్నాడు తెరిస్తే ఫోల్డర్ల పేర్లన్నీ పిచ్చి గుర్తులు. ఒక్క ఎర్రర్ మెసేజ్ కూడా రాలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. సర్వీస్ ప్యాక్ 1 నుంచి 48 బిట్ల అడ్రస్ వచ్చిందని తర్వాత తెలిసింది.

అందుకే ఈసారి అంకె తేడాగా ఉన్న డిస్క్ మీద ఒక్క ఫైల్ కూడా రాయలేదు. 3 టీబీ డిస్క్‌ని విండోస్ 7 ఉన్న రెండో కంప్యూటర్‌కి మార్చి ఆ 2048 జీబీ హద్దు లేని కొత్త పద్ధతి జీపీటీలో పార్టిషన్ (డిస్క్‌లో వాడుకునే భాగం) చేశాను. 32 బిట్ల ఎక్స్‌పీ జీపీటీని చదవలేదు. కానీ రెండు కంప్యూటర్ల మధ్య నేరుగా నెట్‌వర్క్ కేబుల్ వేసి ఫోల్డర్ షేర్ చేస్తే ఆ బాధ లేదు. సెక్టార్ల సంగతి అవతలి కంప్యూటర్ చూసుకుంటుంది, ఎక్స్‌పీ ఫైల్ అందిస్తే చాలు.

స్కాన్లు ముందు దిగడానికి ఎక్స్‌పీలోనే ఒక 2 టీబీ డిస్క్ పెట్టాను. అది 1863 జీబీ, హద్దు లోపలే. సైజు సరిగ్గానే చూపించింది గానీ వేగం నత్తనడక. చిన్న ఫైళ్లు ఎక్కువున్న ఫోల్డర్ కాపీ చేస్తే మరీ అన్యాయం. కొత్త డిస్కుల్లో అసలు సెక్టార్ 4096 బైట్లు, పైకి మాత్రం 512 అని చెప్తాయి. ఎక్స్‌పీ పార్టిషన్‌ని 63వ సెక్టార్ నుంచి మొదలుపెడుతుంది. 63 ఎనిమిదితో భాగించబడదు. దాంతో ప్రతి 4 కేబీ ముక్కా రెండు అసలు సెక్టార్ల మీద కొంత కొంత పడుతుంది. ఒక ముక్క రాయాలంటే డిస్క్ రెండూ చదివి, మార్చి, మళ్లీ రెండూ రాయాలి. ఆ పార్టిషన్ తీసేసి విండోస్ 7లో కొత్తగా చేశాను. అది 2048వ సెక్టార్ నుంచి మొదలవుతుంది. తెచ్చి ఎక్స్‌పీకి తగిలిస్తే మారు మాట్లాడకుండా తీసుకుంది. తేడా మొదటి కాపీలోనే తెలిసింది.

అయినా టెన్షన్ పోలేదు. నెగటివ్‌ల జోలికి వెళ్లకముందే డిస్క్ నిండేదాకా పెద్ద పెద్ద ఫైళ్లు కాపీ చేశాను. రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టింది. పూర్తిగా నిండాక మొట్టమొదట రాసిన ఫైళ్లు తెరిచి, చెక్‌సమ్‌లు (ఫైల్‌లోని డేటా నుంచి లెక్కకట్టే గుర్తు అంకెలు) ఒరిజినల్‌తో పోల్చాను. హద్దు దాటి రాసింది ఏదైనా ఉంటే ముందు చెడేది అవే. అన్నీ కలిశాయి. అన్నీ చెరిపేసి, అదే రోజు సాయంత్రం మొదటి పెట్టె తెరిచాను.