వడియాల మీద నుసి

బూడిద గుమ్మడి వడియాలు ఎట్టకేలకు ఇవాళ పెట్టేశాను. రాత్రే ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి, గుడ్డలో మూటకట్టి మీద రాయి పెట్టి ఉంచాను. తెల్లారగట్ల నాలుగున్నరకి గ్రైండర్ వేస్తే ఈయన లేచి, "రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, గ్రైండర్లు పగలవేం?" అని అటు తిరిగి పడుకున్నారు. నవ్వలేదు నేను. ఆరున్నరకల్లా డాబా మీద పాత నేతచీర పరిచి నూట ఎనభై పెట్టాను. లెక్కపెట్టాను, అవును. నా సంగతి మీకు తెలిసిందేగా.

కిందికి దిగేసరికి అమెరికా నుంచి పెద్దదాని ఫోను.

"అమ్మా, మాకు రేపూ ఎల్లుండీ రెడ్ ఫ్లాగ్ వార్నింగ్ ఇచ్చారు. పాస్‌పోర్టులూ చిన్నోడి మందులూ ఓ బ్యాగులో సర్ది కారులో పెట్టాం."

"ఎంత ఉంటుందేమిటి ఎండ?"

"37 దాకా రావచ్చంటున్నారు."

నవ్వాను. నవ్వి ఊరుకున్నా బాగుండేది. "37కే సంచి సర్దుకుంటే బెజవాడలో మేం మార్చిలోనే ఊరొదిలి పోవాలే" అన్నాను. "సరేలేమ్మా, ఉంటాను" అని పెట్టేసింది. రోజూ చిన్నోడికి ఫోనిచ్చి ఏదో ఒకటి మాట్లాడిస్తుంది. ఇవాళ ఇవ్వలేదు.

తప్పేం మాట్లాడాననిపించింది అప్పుడు. ఇక్కడ నిన్న నా ఫోనులో 43 చూపించింది. వడగాల్పులు జాగ్రత్త అంటూ మెసేజ్ రాని రోజు లేదు. పగలంతా కాగిన కొండరాళ్ళు రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతుంటాయి, ఊరికే అన్నారా బ్లేజ్‌వాడ అని. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేలమందికి పైగా వడదెబ్బకి పోయారు. ఆ నెల మేము ఏడు దాటాక పాల ప్యాకెట్టుకి కూడా గడప దాటలేదు. అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్ల 37కి భయపడ్డమేమిటి? అక్కడికెళ్ళి సుకుమారం అయిపోయింది అని ఈయనతో అన్నాను కూడా. ఈయన పేపరు దించలేదు.

పదిన్నరకి మొదలైంది అసలు గొడవ. పక్క ఖాళీ సైటు గురించి ఇంతకు ముందు నాలుగుసార్లు రాశాను, విసుక్కోకండి. హైదరాబాద్‌లో ఉండే ఓనరుగారు వానలు రాకముందు శుభ్రం చేయించమని ఎవరినో పురమాయించారట. ఆ వచ్చినాయన పిచ్చిమొక్కలూ ఎండాకులూ కొబ్బరిమట్టలూ కుప్పపోసి, అగ్గిపుల్ల గీసి, తాపీగా గోడ నీడన కూర్చున్నాడు. పట్టపగలు, పడమటి గాలి రయ్యిన కొడుతుండగా! వాసనొచ్చి డాబా మీదికి పరిగెత్తానా, నల్లటి నుసి సీతాకోకచిలుకల్లా ఎగిరొచ్చి నా వడియాల మీద వాలుతోంది. పిండి ఇంకా పచ్చిగా ఉంది కదా, వాలింది వాలినట్టు అంటుకుంది. తీయబోతే చెదిరి వడియమంతా మసి.

పై నుంచే అరిచాను, "ఏమయ్యా, ఈ గాల్లో మంటేమిటి?" అని.

"ఎండాకులేగదమ్మా, ఐదు నిమిషాల్లో అయిపోద్ది."

ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మంట పక్కకి వంగి ఎండుగడ్డి అంటుకుని, గడ్డి వెంట పాకుతూ మా ప్రహరీ దాకా వచ్చింది. ఆ గోడకి ఇవతలే స్కూటర్లు. కాలే కొబ్బరిమట్ట చీలిక ఒకటి గాల్లోకి లేచి, గోడ దాటి సీటు మీద పడి జారిపోయింది. వాచ్‌మన్, నేను, రెండు బకెట్లు. ఇరవై నాలుగు ఫ్లాట్లలో ఒక్కళ్ళు దిగలేదు. మూడో అంతస్తు ఆయన బాల్కనీలోంచి వీడియో తీసి గ్రూపులో పెట్టారు. దానికి ఏడు నమస్కారాలు, ఒక "జాగ్రత్త అండి". ఎవరికి జాగ్రత్త? చిర్రెత్తుకొచ్చి నేనూ ఏదో టైపు చేశాను, ఈయన ఫోను లాక్కుని తుడిపేశారు. మంచిపనే చేశారేమో, ఇప్పటికీ నాకు అలా అనిపించడం లేదు.

ఆ అంటించినాయనకి తర్వాత మజ్జిగ ఇచ్చాను. ఇవ్వకూడదనే అనుకున్నాను. కానీ శుభ్రం చేసినందుకే తప్ప ఆకులు మోసుకెళ్ళడానికి డబ్బులివ్వలేదట పాపం, ఏంచేస్తాడు.

మట్ట చీలిక గాల్లోకి లేవడం చూశాక నాకు పొన్నూరు దగ్గర మా అమ్మమ్మ ఊరే కళ్ళముందు తిరుగుతోంది. అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో. ఎండాకాలం ఆ ఊళ్ళో పొద్దున తొమ్మిదికల్లా వంటలైపోవాలి. పడమటి గాలి లేవకముందే పొయ్యిలో నీళ్ళు చల్లి, కట్టె సుయ్‌మన్నాక మరోసారి చల్లేది అమ్మమ్మ. ఊరంతా తాటాకిళ్ళు మరి. ఆ రోజు ఎవరింట్లో నిప్పు మిగిలిందో తెలియదు. దక్షిణం బజారులో ఒక పాక అంటుకుంది. మాకు రెండు బజార్ల అవతల అది. మంట నడిచి రాలేదు, ఎగిరొచ్చింది. మండే తాటాకు గాలికి లేచి, మధ్యలో ఇళ్ళు వదిలేసి, ఎక్కడో చాకలిబజారు కొసన వాలేది. అక్కడ ఇంకోటి భగ్గుమనేది. చెరువు నుంచి బిందెల వరస. మగవాళ్ళు కాలుతున్న ఇళ్ళ దగ్గర కాకుండా ఇంకా అంటుకోని ఇళ్ళ మీదికెక్కి, కొంకికర్రలతో కప్పు లాగి పారేస్తున్నారు. బాగున్న ఇల్లెందుకు పీకుతున్నారని ఏడ్చాను నేను. అమ్మమ్మ కొత్తావకాయ జాడీ చంకనెత్తుకుని పొలంలోకి తెచ్చి, వేపచెట్టు కింద నన్ను కూర్చోబెట్టి, "దీన్ని వదిలి కదిలావో, చూడు" అని మళ్ళీ బియ్యం బస్తా కోసం వెళ్ళింది. గొలుసు సంగతి తర్వాత గుర్తొచ్చిందట. జాడీ మూతిగుడ్డ మీద కూడా నుసి పడింది. సాయంత్రం సముద్రం వైపు నుంచి పైరగాలి తిరిగేదాకా ఆ మంటలు ఆగలేదు. ఆ రోజు ఎంత ఎండో ఎవరూ చెప్పుకోలేదు. గాలి సంగతే చెప్పుకున్నారు, ఏళ్ళ తరబడి.

మరి పొద్దున దాన్ని నేనడిగిందేమిటి? ఎండెంత అని.

మధ్యాహ్నం కూర్చుని చూశాను. రెడ్ ఫ్లాగ్ అంటే కార్చిచ్చు ముప్పుందని హెచ్చరికట, అది ఇచ్చేది ఎండని చూసి మాత్రమే కాదు. గాలి జోరు, గాలిలో తేమ, గడ్డి ఎంత ఎండిపోయిందీ అన్నీ కలిపి చూస్తారు. అదుండే కాలిఫోర్నియాలో, శాక్రమెంటో వైపు వానలు చలికాలంలో. మే నెలకల్లా గడ్డి ఎండి కొండలు బంగారు రంగుకొస్తాయి. అక్కడ దిగి ఫోటోలు పంపితే ఎంత బాగుందే అన్నాను కిందటేడు. మనకి జూన్‌లో వాన పడితే గండం గడిచినట్టే, వాళ్ళకి అప్పుడే మొదలు, మళ్ళీ వాన ముఖం చూసేది అక్టోబరు, నవంబరుల్లోనే. సాయంత్రాలు సముద్రం వైపు నుంచి చల్లగాలి వస్తుందట వాళ్ళకీ, డెల్టా బ్రీజ్ అంటారు. అదే పైరగాలి కదూ! అది ఆగిపోయి ఉత్తరం నుంచి, కొండలు దిగి వేడెక్కి పొడిబారిన గాలి వీచిందా, మన పడమటి గాలే. 2018 నవంబరులో వాళ్ళకి ఉత్తరాన పారడైజ్ అనే ఊరికి ఊరే కాలిపోయింది, 85 మంది పోయారు. అక్కడా నిప్పురవ్వలే మంటకంటే ముందు ఎగిరెళ్ళి పడ్డాయట. అప్పుడు ఆ పొగ వీళ్ళ ఊరి మీదా కమ్మింది. పిల్లాణ్ణి ఇంట్లోంచి కదలనివ్వలేదని చెప్పింది, నేను ఊఁ కొట్టి వేరే కబుర్లలో పడ్డాను.

అయినా అది కూడా కాస్త వివరంగా చెప్పొచ్చుగా! "సరేలేమ్మా" అని పెట్టేస్తే నాకేం తెలుస్తుంది? మూతి ముడుచుకోవడంలో అచ్చం వాళ్ళ మేనత్త.

ఇందాక తొమ్మిదింటికి ఇక్కడ గాలి తిరిగింది, కర్టెన్ మెల్లగా లోపలికి ఊగింది. ఫోనులో వాళ్ళ ఊరు పెట్టి చూస్తే బాణం గుర్తు పై నుంచి కిందికే ఉంది. ఫోన్ చేద్దామంటే అక్కడ పొద్దున ఎనిమిదిన్నర, మీటింగుల వేళ. "గాలి ఎటు నుంచే?" అని మెసేజ్ పెట్టాను.

వెంటనే వచ్చింది. "ఉత్తరం. ఎల్లుండి సాయంత్రానికి తిరుగుతుందట. వడియాలు పెట్టావా?"

పెట్టాను. నుసి పడ్డవి ముప్పై మూడు. వేరే డబ్బాలో వేశాను, అవి ఈయనకి. తక్కిన నూట నలభై ఏడూ దానికే.