కన్ను మరీ పెద్దదైంది

"కన్ను మరీ పెద్దగా పెట్టినావు కదరా" అన్నాను.

"రాత్రిపూట తిరిగే పిట్ట కదా సార్, పెద్దగానే ఉండాల."

ఆరో తరగతి పిల్లోడు. బడి వెనక తోటలో, కలివి పొద పక్కన బోర్లా పడుకుని, అట్టముక్క మీద కలివికోడిని చేస్తున్నాడు. ఒళ్లంతా ఎండిన వేపాకులు. కాళ్లకు ఈనెలు. ముక్కుకు కలివి ముల్లు. కంటికి మాత్రం ఎర్రచందనం కాయ. చుట్టూ పల్చటి రెక్క, నడుమ ఉబ్బు, చిన్న అప్పడంలా ఉంటుందే, అది. రొమ్ము మీద రెండు పట్టీలకు ఎండిన తంగేడు కాయలు. రెండే. లెక్క తప్పలేదు.

చెట్టు నుంచి ఒక్క ఆకు తెంపినా ఊరుకోనని పొద్దున్నే పిల్లలందరికీ చెప్పినా. రాలినవే ఏరుకున్నారు. (ఇద్దరు దొంగలు తంగేడు పూలు తెంపినారు. చూడనట్టు ఊరుకున్నా.) గమ్ము సీసా ఎండిపోయి ఉంటే తుమ్మబంక నానేసి అంటించినారు. చేతులు, చొక్కాలు, నా ఫోను, అన్నీ బంకే.

1900 తర్వాత ఎవరికీ కనపడక, ఇక లేదనుకున్న పిట్ట 1986లో మన కడప జిల్లా లంకమల కొండల పక్కన మళ్లీ దొరికింది. వానికి అదంతా తెలుసు. అందుకే మాట మార్చి, "నువ్వెప్పుడైనా చూసినావా?" అన్నా.

"లేదు సార్. మీరు?"

పుట్టి పెరిగింది ఇక్కడే. నేనూ చూళ్లేదు.

సాయంత్రం గాలికి వేపాకులు సగం ఎగిరిపోయినాయి. కన్ను మాత్రం అట్లనే ఉంది, స్టాఫ్ రూము కిటికీలో.