మూల కడీని చూసి మేస్త్రిని ఎంచుకున్నాను

తాండూరు వైపు మాకు నాలుగెకరాల నల్లరేగడి ఉంది. నాయిన పోయాక నేనే చూసుకుంటున్నాను. అయిదేళ్ల కిందట మొదటిసారి ఫెన్సింగ్ వేయించినప్పుడు నేను అడిగింది ఒక్కటే, అడుగుకి ఎంత అని. అందరికంటే తక్కువ చెప్పినాయనకి పని అప్పగించి, సగానికి పైగా డబ్బు ముందే చేతిలో పెట్టాను.

రెండు వానాకాలాలు కూడా నిలవలేదు ఆ కంచె. నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి చెయ్యి దూరేంత నెర్రెలు బారుతుంది. ఆ నెర్రెల్లో కడీలు, అంటే కంచెకి పాతిన స్తంభాలు, వదులయ్యాయి. వాగు వైపు మూల కడీ లోపలికి ఒరిగింది, దాని వెంట జాలీ అంతా జారింది. ఒక రాత్రి అడవి పందులు దూరి మొక్కజొన్నంతా తొక్కేశాయి. తెల్లారి ఆ చేలో నిలబడి ఏడ్చాను.

ఒరిగిన కడీని పీకి చూస్తే భూమిలో ఉన్నది అడుగు కూడా లేదు. మాట్లాడుకున్నవి ఏడడుగుల కడీలు, వచ్చినవి ఆరడుగులవి. చుట్టుకొలత 1,700 అడుగులు, ఎనిమిది అడుగులకొకటి చొప్పున 210 దాటాలి. లెక్కపెడితే 172. జాలీ 12 గేజ్ అన్నారు. 12 గేజ్ తీగ మందం 2.64 మిల్లీమీటర్లు ఉండాలి, వెర్నియర్ పెట్టి కొలిస్తే రెండే ఉంది, అంటే 14 గేజ్. కంటికి ఆ తేడా ఆనదు, తూకంలో తెలిసిపోతుంది. అదే పొడవుకి 14 గేజ్ ఇంచుమించు 40 శాతం తక్కువ తూగుతుంది. జాలీని కట్టల లెక్కన కాకుండా కాంటా వేయించి కొనమని అప్పట్నుంచి కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నాను.

ఈసారి ముగ్గురు మేస్త్రీలని పిలిచాను. మూడు నాలుగేళ్ల కిందట మీరు వేసిన కంచె ఎక్కడుందని అడిగాను. కొత్త కంచె ఎవరు వేసినా నిటారుగానే ఉంటుంది కదా. ఒకాయన ఫోన్లో ఫొటోలు చూపించాడు. ఒకాయన రేపు చెప్తానని మళ్లీ ఫోనెత్తలేదు. మూడో ఆయన రెండు ఊళ్ల పేర్లు చెప్పి, "నేను రాను అక్కా. నేను పక్కనుంటే రైతు మొహమాటపడతాడు. మీరే పోయి అడగండి" అన్నాడు.

పోయి నేరుగా మూల దగ్గరే ఆగాను. తీగ బిగింపంతా మోసేది మూల కడీ. దానికి రెండు వైపులా ఏటవాలుగా సపోర్టు కడీలు లేకపోతే తీగే దాన్ని లోపలికి లాగేస్తుంది. అక్కడ రెండూ ఉన్నాయి. కడీ మొదలు చుట్టూ కాంక్రీటు, నీళ్లు నిలవకుండా వాలుగా నున్నగా దిద్ది ఉంది. రెండు చేతులతో గట్టిగా నెట్టాను. కదల్లేదు.

ఆ మూడో మేస్త్రి మా పొలానికొచ్చి ముందు గడ్డపారతో మూడు చోట్ల పొడిచి చూశాడు. వాన నీళ్లు ఎటు పోతాయని అడిగాడు. రెండున్నర అడుగులు దించాల్సిందేనన్నాడు. సర్వేయర్ వచ్చి హద్దులు చూపించేదాకా ఒక్క గుంతా తవ్వనన్నాడు, పక్క రైతుని కూడా పిలిపించాడు. పందులకి కరెంటు తీగ లాగమని ఎవరో అంటే ఆయన ముఖం మారిపోయింది. "ఆ పని చెయ్యను. మనుషులు పోతారు." సోలార్ కంచె వేరు, అది క్షణకాలం షాక్ కొట్టి వదిలేస్తుంది. నేరుగా ఇచ్చిన కరెంటు వదలదు.

రేటు ఎక్కువే. కడీల పొడవు, ఎడం, గేజ్ అన్నీ కాగితం మీద రాసుకున్నాం. కడీలు దిగాక కొంత, పాతాక కొంత, జాలీ బిగించాక కొంత, చివరి పది శాతం మాత్రం ఒక వానాకాలం దాటాక. కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు.

మొన్న వానలు తెరిపిచ్చాక చుట్టూ నడిచాను. వాగు వైపు ఒకచోట నీళ్లు మట్టిని కోసేసి జాలీ కింద జానెడు సందు పడింది. ఫోన్ చేస్తే మర్నాడే కొడుకుతో వచ్చి, అడుగున ఒక వరుస ముళ్ల తీగ లాగి, రాళ్లు పేర్చి పోయాడు. సాయంత్రం ఆ పది శాతం తీసుకెళ్లి వాళ్లింట్లో ఇచ్చొచ్చాను.